పందిరికి డబ్బు దొరుకుతుంది, రిహార్సల్‌కి దొరకదు

మా ఊరి నాటకపోటీల్లో మూడో రోజు రాత్రి పదకొండూ నలభై. ఆ రోజు ఆఖరి నాటిక ఇంకా మొదలవలేదు. తెర వెనక్కి వెళ్లి చూస్తే, తాత వేషం వేసిన ఆయన గోడ పక్కన నిలబడి ఉన్నాడు. సాయంత్రం ఆరున్నరకే మేకప్ అయిపోయింది. కూర్చుంటే పంచె నలుగుతుందని కూర్చోలేదు. మీసానికి పూసిన తెల్లరంగు చెమటకి కరిగి గడ్డం మీదకి దిగుతోంది. "ఇంకెంతసేపు మాస్టారూ?" అన్నాడు. ఆయనకి షుగరుంది. వాళ్ల నాటక సమాజం వ్యాను కట్టుకుని ఆరు గంటలు ప్రయాణం చేసి వచ్చింది.

ఆ సమయంలో స్టేజి మీద జరుగుతున్నది దాతల సన్మానం. ఒక్కొక్కరికీ శాలువా, జ్ఞాపిక, ఫొటో, మైకులో రెండు మాటలు. మొత్తం పదిహేడుమంది. ఆ జాబితా రాసింది నేనే, ఎందుకంటే ఈ పోటీలు నడిపే మా పరిషత్తుకి కోశాధికారిని నేను. ఆ పదిహేడుమందిలో ఒక్కరిని తీసేసినా మరుసటి ఏడాది పందిరి లేవదు. అది నాకు తెలుసు, లోపల నిలబడ్డ ఆ నటుడికీ తెలుసు. అందుకే ఆయన ఇంకో మాట అనలేదు.

నాటిక మొదలయ్యేసరికి జనం సగం వెళ్లిపోయారు. ఉన్నవాళ్లలో చంటిపిల్లలు నిద్రపోయారు. నటులు బాగానే చేశారు గానీ రెండుచోట్ల తడబడ్డారు. కూతురి పాత్ర వేసిన అమ్మాయి ఒకచోట తలుపు ఎటువైపుందో మరిచిపోయి ఇటు రెండడుగులు వేసి అటు తిరిగింది. తర్వాత ఆ అమ్మాయే చెప్పింది, ఆ సెట్ మధ్యలో నిలబడటం తనకి అదే మొదటిసారి అని. అంతకుముందు రెండే రెండు రోజులు రిహార్సల్‌కి వెళ్లిందట, అదీ స్కూలు వరండాలో, సుద్దముక్కతో గీసిన గీతల మధ్య.

అప్పటినుంచీ నాకు ఒకటే ఆలోచన. ఊరు ఇచ్చినా, ప్రభుత్వం ఇచ్చినా, డబ్బంతా ఆ మూడు రాత్రుల పందిరి చుట్టూనే తిరుగుతోంది. నాటకం తయారయ్యే నెలా నెలన్నర వైపు పైసా వెళ్లడం లేదు. పందిరి బరువు ఊరు మోయగలదు, మోస్తోంది కూడా. గ్రాంటు అనేది వస్తే అది రిహార్సల్‌కి రావాలి. మా కమిటీలో ఈ మాట మూడేళ్లుగా అంటున్నాను. ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

పరిషత్తు నాటకాల గురించి తెలియని వాళ్ల కోసం ముందు కొంచెం చెప్పాలి. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి ఎండాకాలం దాకా కోస్తా జిల్లాల్లో ఏదో ఒక ఊళ్లో నాటకపోటీలు జరుగుతూనే ఉంటాయి. రావులపాలెంలో, పల్లెకోనలో, ఇంకా పేరు పెద్దగా వినపడని ఎన్నో ఊళ్లలో. రోజుకి మూడు నాలుగు నాటికలు, ఒక్కోటీ గంట లోపు. సమాజాల్లో ఎక్కువమంది ఉద్యోగస్తులు. టీచర్లు, బ్యాంకు వాళ్లు, ఆర్టీసీ, రైల్వే వాళ్లు. ముగ్గురు న్యాయనిర్ణేతలు ముందు వరసలో కూర్చుని మార్కులు వేస్తారు. ఉత్తమ ప్రదర్శన, రచన, దర్శకత్వం, నటన, ఆహార్యం, రంగాలంకరణ, సంగీతం, ఇలా అన్నింటికీ బహుమతులుంటాయి. ఈ సంప్రదాయం నిన్నా మొన్నటిది కాదు. తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు మొదలైంది 1929లో. సురభి నాటక సమాజానికి చెందిన వనారస గోవిందరావుగారి పూనిక దాని వెనక ఉంది. ఆనాటినుంచి ఈ పోటీల్లో ఆడి పేరు తెచ్చుకుని సినిమాలకి వెళ్లినవాళ్లు ఎంతమందో. అయితే నా దృష్టిలో సినిమాకి వెళ్లినవాళ్ల కంటే వెళ్లకుండా నలభై ఏళ్లు ఇక్కడే ఆడుతూ ఉండిపోయినవాళ్లే ఈ రంగానికి ఆయువుపట్టు.

ఇంత పెద్ద వ్యవస్థని నడిపేది చందా పుస్తకం. దసరా వెళ్లగానే నేనూ ఇంకో ఇద్దరం బజారుకి బయల్దేరతాం. రైసుమిల్లు, మందులషాపు, బంగారంకొట్టు, కాంట్రాక్టర్లు, డాక్టర్లు. పెద్ద మొత్తాలు ఇక్కడివే. కానీ నేను ఒక చిన్న మొత్తం గురించి చెబుతాను. మా బజారు చివర ఒక టైలరున్నాడు. ఏటా నూటపదహార్లు ఇస్తాడు. మేము వెళ్లగానే కత్తెర కిందపెట్టి, మెడలోని టేపు తీసి మిషను మీద వేసి, సొరుగు లాగి, పదుల్లో ఇరవైల్లో లెక్కపెట్టి ఇస్తాడు. చివర్లో ఒక రూపాయి నాణెం ఆరుసార్లు. రసీదు తన పేరున కాకుండా వాళ్ల నాన్న పేరున రాయమంటాడు. వాళ్ల నాన్న పౌరాణిక నాటకాలకి దుస్తులు కుట్టేవాడు. కృష్ణుడి పట్టువస్త్రానికి జరీ అంచు ఎక్కడ మడిచి కుట్టాలో ఆయనకి తప్ప ఇంకెవరికీ తెలియదని ఇప్పటికీ చెబుతాడు. ఆ రసీదు మీద మాత్రం నేను అక్షరాలు చక్కగా కుదిరేలా నెమ్మదిగా రాస్తాను.

ఊరు నాటకానికి డబ్బివ్వదు అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఇస్తుంది. ముప్ఫై ఏళ్లుగా ఇస్తూనే ఉంది. కాకపోతే కళ్లకి కనిపించేదానికి ఇస్తుంది. స్టేజి ఎవరు కట్టించారో, భోజనాలు ఎవరు పెట్టారో, ఉత్తమ ప్రదర్శన షీల్డు ఎవరి అమ్మగారి జ్ఞాపకార్థమో అందరికీ తెలుస్తుంది. ఫ్లెక్సీ మీద ఫొటో పడుతుంది. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. గుడికి గంట కట్టించినవాడు గంట మీద పేరు చెక్కించుకుంటాడు, గంట మోగుతుంది. మనిషన్నవాడికి ఆ మాత్రం ఆశ ఉండాలి కూడా. ఇబ్బంది ఏమిటంటే రిహార్సల్ ఎవరికీ కనపడదు. రాత్రి ఎనిమిదింటికి డ్యూటీలు దిగి వచ్చిన ఆరుగురు మనుషులు ఒక వరండాలో ఒకే డైలాగు పదిహేనుసార్లు చెప్పుకుంటూ ఉంటే దానికి ఫ్లెక్సీ ఎక్కడ కడతారు?

ఆ వరండాలో ఎంత ఖర్చవుతుందో బయటివాళ్లకి తెలియదు. కమిటీల్లో ఉన్నవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. మగ నటులు జేబులోంచి పెట్టుకుంటారు. అసలు ఖర్చు నటీమణి దగ్గర వస్తుంది. మన సమాజాల్లో ఆడవాళ్లు తక్కువ. నాటకాన్నే బతుకుతెరువు చేసుకున్న నటీమణులు కొద్దిమందే ఉన్నారు, ఒక్కొక్కరు ఒకే సీజన్లో ఆరేడు సమాజాలకి ఆడతారు. ఇవాళ ఒక ఊరు, రేపు ఇంకో ఊరు, మధ్యలో రాత్రి బస్సు. వాళ్లకి పారితోషికం షోకి ఇంత అని ఉంటుంది. రిహార్సల్‌కి వచ్చిన రోజు వాళ్లు ఇంకో షో పోగొట్టుకున్నట్టే. ఆ రోజుకి డబ్బివ్వడం సమాజం వల్ల కాదు. అందుకని రెండు రోజులతో సరిపెట్టుకుంటారు. ఆ అమ్మాయి ఫోన్లో స్క్రిప్టు తెప్పించుకుని బస్సులో బట్టీపట్టి వస్తుంది. జ్ఞాపకశక్తికి దణ్ణం పెట్టాలి. కానీ ఎదుటి పాత్రధారి కళ్లలోకి చూసి మాట అందుకోవడం బస్సులో కుదరదు కదా.

దీనివల్ల నటన ఒక్కటే దెబ్బతింటే సరిపెట్టుకుందుం. నాటకం రాయడమే మారిపోయింది. మా పరిషత్తుకి వచ్చిన స్క్రిప్టులన్నీ ప్రతి ఏడూ చదువుతాను. ఐదు పాత్రలు, అందులో ఆడపాత్ర ఒకటి, మహా అయితే రెండు. సెట్ ఒకటే, మధ్యతరగతి ఇంటి హాలు, సోఫా, ఒక తలుపు. ఎందుకంటే ఇంతకుమించితే వ్యానులో పట్టదు. కథ తండ్రీకొడుకుల మధ్య, చివర్లో కన్నీళ్లు. ఇవి చెడ్డ కథలని నేను అనను, కొన్ని చూసి నేనూ ఏడ్చాను. కానీ ఇంత పెద్ద తెలుగు సమాజంలో ఒక ఊరి చెరువు గురించో, ఫ్యాక్టరీ గురించో, పదిమంది ఆడవాళ్లు కలిసి చేసిన పని గురించో నాటకం రావాలంటే ఎలా వస్తుంది? రచయిత కలం పట్టేసరికే వ్యాను కిరాయి గుర్తొస్తోంది.

మనకి నాటకం నిలబడిన రోజుల్లో డబ్బు ఎటు వెళ్లిందో చూడండి. కన్యాశుల్కం విజయనగరంలో మొదటిసారి ఆడింది 1892లో. గురజాడ అప్పారావుగారు ఆనంద గజపతి మహారాజు కొలువులో ఉద్యోగి. 1897లో నాటకం అచ్చయినప్పుడు మహారాజుకే అంకితమిచ్చారు. తర్వాత దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకుని తిరగరాశారు, ఆ రెండో కూర్పు 1909లో వచ్చింది. మనం ఇవాళ కన్యాశుల్కం అంటున్నది అదే. ఒక్క నాటకం మీద అన్నేళ్లు కూర్చోవాలంటే రచయితకి నెల తిరిగేసరికి ఇల్లు గడవాలి. ఆయన ఉద్యోగమే ఆ నాటకానికి గ్రాంటు. ప్రదర్శన రోజు తోరణాలు ఎవరు కట్టించారో మనకెవరికీ గుర్తులేదు, గుర్తుండక్కర్లేదు.

సురభి సంగతి వేరు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధ ఆడిన నాటినుంచి అది కుటుంబాల సమాజం. తల్లి ద్రౌపది, తండ్రి భీముడు, పిల్లలు చిన్ని కృష్ణుడి దగ్గర్నుంచి మొదలుపెడతారు. డేరా వెనకే కాపురం. వాళ్లకి రిహార్సల్ అని విడిగా ఖర్చు లేదు, ఎందుకంటే ఇల్లే సమాజం. టిక్కెట్టు డబ్బుతోనే తిండి, దాంతోనే తెరలు, తీగలు, రంగులు. జనం డేరాలకి రావడం తగ్గిపోయాక ఆ పద్ధతి ఎంత కష్టంలో పడిందో అందరికీ తెలుసు. ఇవాళ సురభి నిలబడి ఉందంటే అందులో ప్రభుత్వ సాయం పాత్ర ఉంది, అది కాదనలేం.

మూడోది కమ్యూనిస్టు ఉద్యమంలోంచి వచ్చిన ప్రజానాట్యమండలి. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన మా భూమి నాటకం 1947లో వచ్చింది. ఊరూరా దళాలు ఆడాయి, చివరికి ప్రభుత్వం నిషేధించాల్సి వచ్చింది. వాళ్ల వెనక రాజుల్లేరు, గ్రాంటు ప్రసక్తే లేదు. ఉద్యమం ఉంది. నటులు ఉద్యమంలో మనుషులు, వాళ్ల తిండీతిప్పలు ఉద్యమం చూసుకుంది. రాజు కొలువు, ఇంటిల్లిపాది కష్టం, ఉద్యమం. ఈ మూడింటిలోనూ ఆదరణ నాటకం చేసే మనిషికి అందింది, చేసే రోజుల్లోనే అందింది.

తర్వాత ప్రభుత్వం వచ్చింది. 1957లో రాష్ట్రంలో సంగీత నాటక అకాడమీ పెట్టారు, 1983లో మిగతా అకాడమీలతో పాటు రద్దుచేశారు. ఆ నిర్ణయం గురించి ఇప్పటికీ వాదించుకుంటారు. నేను అందులోకి వెళ్లను గానీ, ఏడాది పొడుగునా నాటకం గురించే ఆలోచించే ఒక కార్యాలయం అప్పటితో పోయిందన్నది మాత్రం నిజం. 1998లో నంది నాటకోత్సవాలు మొదలయ్యాయి. నందికి నేను రుణపడి ఉన్నాను. మా సమాజాలకి ఒక గమ్యం ఇచ్చింది, పద్యనాటకానికి మళ్లీ ఊపిరి పోసింది. మధ్యలో కొన్నేళ్లు ఆగిపోయినప్పుడు మేమంతా ఎంత దిగులుపడ్డామో. 2023 డిసెంబరులో గుంటూరులో మళ్లీ జరిగినప్పుడు వెంకటేశ్వర విజ్ఞాన మందిరం దగ్గర పాత మిత్రులు ఒకరినొకరు కావలించుకున్నారని విన్నాను. కానీ నంది అనేది బహుమతి. నాటకం అయిపోయాక, గెలిచినవాళ్లకి వచ్చేది. అప్పుచేసి నాటకం తయారుచేసి, గెలిస్తే అప్పు తీర్చుకోవచ్చు, ఓడిపోతే లేదు. బహుమతికీ గ్రాంటుకీ ఉన్న తేడా ఇదే. బహుమతి వెనక వస్తుంది, గ్రాంటు ముందు రావాలి.

ముందు వచ్చే డబ్బు అసలు లేదా అంటే ఉంది. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖకి రిపర్టరీ గ్రాంటు అని ఒక పథకం ఉంది. గురువుకి నెలకి 15,000, పద్దెనిమిదేళ్లు దాటిన శిష్యులకి నెలకి 10,000 రూపాయల చొప్పున. అంటే సాధనకి డబ్బు. నేను అడుగుతున్నదానికి దగ్గరగా ఉన్నది ఇదొక్కటే. ఉత్సవాలకీ కొత్త ప్రదర్శనలకీ కలిపి ఇంకో పథకం ఉంది, అందులో మామూలుగా 5 లక్షల దాకా ఇస్తారు. రెండింటికీ సంస్థ రిజిస్టరై ఉండాలి, ఆడిట్ లెక్కలుండాలి, స్వచ్ఛంద సంస్థల వివరాలు నమోదుచేసే ప్రభుత్వ దర్పణ్ పోర్టల్లో నంబరుండాలి, పాత కార్యక్రమాల ఫొటోలు, కరపత్రాలు ఉండాలి. పగలంతా ఉద్యోగం చేసి రాత్రి నాటకం వేసే ఆరుగురు మిత్రుల దగ్గర ఇవేవీ ఉండవు. పరిషత్తుల్లో కాస్త పెద్దవాటి దగ్గర ఉంటాయి. కాబట్టి గ్రాంటు వస్తే పరిషత్తుకే వస్తుంది, సమాజానికి రాదు.

మాకు ఒకసారి వచ్చింది. ఏ కార్యాలయం నుంచో చెప్పను, అక్కడ పనిచేసేవాళ్లు కూడా నిబంధనల మధ్యే పనిచేస్తారు. మొదటి వాయిదా వచ్చింది, పండగ చేశాం, వినియోగ పత్రం పంపాం, రెండో వాయిదా కోసం ఎదురుచూశాం. పదకొండు నెలలు. ఈలోపు టెంటుహౌస్ ఆయనకి, మైకుసెట్ ఆయనకి మా కార్యదర్శి సొంత డబ్బు ఇచ్చాడు. ఆ టెన్షన్‌తో ఆయన ఆ ఏడాది నాటకాలే సరిగ్గా చూడలేకపోయాడు. చివరికి డబ్బు వచ్చింది, కొంత కోతతో. కోత ఎందుకంటే కొన్ని ఖర్చులకి సరైన బిల్లుల్లేవు.

ఏ ఖర్చులకి బిల్లుల్లేవో చూశాను. ఆ కాగితం ఇప్పటికీ నా ఫైల్లో ఉంది. బస్సు ఛార్జీలు, ఆటోలు, రిహార్సల్ రోజుల్లో టీలు టిఫిన్లు, నటీమణికి రెండు రోజుల భత్యం, పాత చీరలు కొన్న డబ్బు, స్కూలు వాచ్‌మన్‌కి గది తాళం తీసినందుకు ఇచ్చినది. కోత పడింది వీటికే. పందిరికి, లైట్లకి, ఫ్లెక్సీకి, శాలువాలకి జీఎస్టీ నంబరుతో సహా చక్కటి బిల్లులున్నాయి. వాటికి ఒక్క రూపాయి తగ్గలేదు. ఆ రోజు నాకు అర్థమైంది, డబ్బు బిల్లున్న చోటికే పోతుందని. ఎవరూ దురుద్దేశంతో చేయలేదు. టెంటుహౌస్‌కి బిల్లు పుస్తకం ఉంది, వరండాకి లేదు. అంతే. మరుసటి ఏడాది బడ్జెట్ వేసేటప్పుడు నా చెయ్యి నాకు తెలియకుండానే పందిరి కాలమ్‌లో పెద్ద అంకె వేసింది.

ప్రజల డబ్బుకి లెక్క చెప్పాలి. అందులో నాకు ఏ అనుమానమూ లేదు, లెక్కల్లో అలసత్వాన్ని నేను ఒప్పుకోను. నేను అడిగేది లెక్క మానేయమని కాదు, రిహార్సల్‌కి సరిపోయే లెక్క తయారుచేయమని. రోజువారీ హాజరు పట్టీ ఉంటుంది. ఎవరు వచ్చారు, ఎన్నిగంటలకి వచ్చారు, ఏ రంగం చేశారు. సంతకాలుంటాయి. రోజుకి మనిషికి ఇంత అని నిర్ణయించి, ఆ పట్టీనే వోచరుగా ఒప్పుకుంటే చాలు. రిపర్టరీ గ్రాంటులో నెలవారీ మొత్తం ఇస్తున్నారంటే ఆ ఆలోచన ప్రభుత్వానికి కొత్త కాదు. దాన్నే ముప్ఫై రోజుల రిహార్సల్‌కి కుదించి, రిజిస్ట్రేషన్ లేని సమాజానికి పరిషత్తు ద్వారా ఇవ్వొచ్చు. పరిషత్తు దగ్గర రిజిస్ట్రేషన్, ఆడిట్ ఉన్నాయి. అది పూచీ ఉంటుంది. కావాలంటే అధికారులు ఏ రాత్రైనా వచ్చి వరండాలో కూర్చోవచ్చు. వస్తే మాకు పండగే.

ఎవరికివ్వాలో ఎవరు తేలుస్తారు, మళ్లీ సిఫార్సులు మొదలవుతాయి కదా అని మా అధ్యక్షుడు అడిగారు. మంచి ప్రశ్నే. స్క్రిప్టు మీద ఇవ్వాలి, రచయిత పేరు తీసేసి చదవాలి. చదివేవాళ్లు ఏటా మారాలి. ఇప్పుడు పోటీలకి ప్రాథమిక పరిశీలనలో స్క్రిప్టు చూసి ఎంపిక చేస్తూనే ఉన్నాం. అదే పని ఆరు నెలలు ముందు చేయమంటున్నాను. కొన్ని ఎంపికలు తప్పవుతాయి. నాటకం కుదరదు, ఆగిపోతుంది. ఆగిపోయిన నాటకం మీద పెట్టిన డబ్బు వృథా అని నేను అనుకోను. ఆ నెల రోజుల్లో ఆ నటులు నేర్చుకున్నది వాళ్లతోనే ఉంటుంది.

టిక్కెట్టు పెట్టండి, ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు అంటారు కొందరు. చట్టం అడ్డు కాదు, నాటకం టిక్కెట్టు 500 రూపాయలు దాటకపోతే జీఎస్టీ లేదు. హైదరాబాదులో రసరంజని అనే నాటక సంస్థ టిక్కెట్టుకి నాటకం చూసే అలవాటు చేయాలని ఏళ్లతరబడి పాటుపడింది, అది గొప్ప పని. కానీ మా ఊళ్లో ముందు వరసల్లో కూర్చునేది రిటైరైన ముసలివాళ్లు, వెనక నేలమీద కూర్చునేది పొలం పని నుంచి వచ్చినవాళ్లు. ఉచిత ప్రవేశం అన్న రెండు మాటలే వాళ్లని తెచ్చాయి. వాళ్లని గేటు దగ్గర ఆపే పని నేను చేయలేను. ఇష్టమున్నవాళ్లు ఇచ్చేలా బయట హుండీ పెట్టాం, మొదటి ఏడాది ఎంత వచ్చిందన్నది పక్కన పెడితే, ఒక పెద్దావిడ కొంగున ముడి విప్పి ఇరవై రూపాయల కాగితం వేయడం చూశాను. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే సీఎస్ఆర్ డబ్బు సంగతి కూడా ప్రయత్నించాం. చట్టంలో కళలూ సంస్కృతీ అన్న మాట ఉంది, నిజమే. అయితే ఆ డబ్బు కూడా ఫొటో వచ్చే చోటినే వెతుక్కుంటుంది.

కర్ణాటకలో హెగ్గోడు అని ఒక పల్లె ఉంది. నీనాసం అనే నాటక సంస్థ అక్కడిదే. 1949లో మొదలైంది. దాన్ని పెంచిన కె.వి. సుబ్బణ్ణగారికి 1991లో మెగసెసే అవార్డు వచ్చింది. 1985 నుంచి వాళ్లు తిరుగాట అని ఒక సంచార బృందం నడుపుతున్నారు. కొత్తగా తయారుచేసిన నాటకాలు తీసుకుని ఆ బృందం రాష్ట్రమంతా తిరుగుతుంది. ఏ ఊరికి వెళితే ఆ ఊరివాళ్లు స్టేజి, బస, జనం సంగతి చూసుకుంటారు. నాటకం తయారుచేయడం మాత్రం హెగ్గోడులో, తీరిగ్గా, నెలల తరబడి సాగుతుంది. నాకు ఇందులో నచ్చింది ఆ పంపకం. చేసే ఖర్చు ఒకరిది, చూసే ఖర్చు ఇంకొకరిది. మనకి నీనాసం లేదు, రేపటికల్లా రాదు కూడా. కానీ మనకి ఉన్నది వాళ్లకి లేదు. ఇన్ని ఊళ్లలో ఇన్ని పరిషత్తులు, ఒక్కో పరిషత్తు వెనక ఒక్కో ఊరు. చూసే ఖర్చు మన దగ్గర ఎప్పుడో తీరిపోయింది.

ఒక చిన్న సంగతి ఇక్కడే చెప్పాలి. పరిషత్తులు తేదీల గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే సగం కష్టం తగ్గుతుంది. పక్కపక్క జిల్లాల్లో మూడు పరిషత్తులు వరస వారాల్లో పెట్టుకుంటే ఒకే వ్యాను, ఒకే సెట్, ఆ నటీమణికి వరసగా షోలు. ఇప్పుడు ఒకే తేదీల్లో రెండుచోట్ల పెట్టి, సమాజాల కోసం పోటీపడుతున్నాం. దీనికి గ్రాంటు అక్కర్లేదు, ఒక ఫోన్ కాల్ చాలు. నేను ఇద్దరితో మాట్లాడాను, ఒకరు ఒప్పుకున్నారు.

పోయిన దసరాకి మా కమిటీలో ఒక తీర్మానం చేయించగలిగాను. చందా పుస్తకాలు రెండు అచ్చువేయించాం. పాతది ఎప్పటిలాగే ఎర్ర అట్టది, పందిరికీ భోజనాలకీ బహుమతులకీ. కొత్తది ఆకుపచ్చ అట్టది. దాని మీద "సాధన నిధి" అని రాయించాం. అందులో డబ్బు రిహార్సల్‌కి తప్ప దేనికీ వాడకూడదు. ఇచ్చినవాళ్లకి శాలువా ఉండదు, మైకులో పేరు ఉండదు. బదులుగా వాళ్లు ఏ రోజైనా వచ్చి రిహార్సల్ చూడొచ్చు. దాతల సన్మానం కూడా చివరి రోజు పొద్దున్నకి మార్చాం. పదిహేడుమందిలో ఇద్దరు బాధపడ్డారు, ఇంటికి వెళ్లి మాట్లాడాను. మేకప్‌తో నిలబడ్డ ఆ తాత సంగతి చెప్పాను. ఒకాయన చాలాసేపు ఏమీ మాట్లాడకుండా, "ముందే చెప్పాల్సింది మాస్టారూ" అన్నాడు. ఆయన చందా ఏమీ తగ్గించలేదు.

ఆకుపచ్చ పుస్తకంలో మొదటి రసీదు టైలరుది. మళ్లీ నూటపదహార్లే, మళ్లీ వాళ్ల నాన్న పేరే. ఎర్ర పుస్తకంలో కూడా రాయమన్నాడు. రెండూ ఎందుకన్నా వినలేదు. ఆ డబ్బంతా కలిపినా పెద్ద మొత్తం కాలేదు. ఒక సమాజానికి, ఒక నటీమణికి, పన్నెండు రోజుల భత్యం. రెండు రోజుల చోట పన్నెండు రోజులు. మా ఊరి సమాజమే కాబట్టి రిహార్సల్ మా స్కూలు వరండాలోనే పెట్టుకున్నాం.

నాలుగో రోజు రాత్రి టైలరు వచ్చాడు. కొట్టు కట్టేసి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా మీద దారప్పోగులున్నాయి. కుర్చీ వేస్తామంటే వద్దన్నాడు, స్తంభం పక్కన నిలబడ్డాడు. కూతురు తండ్రికి ఎదురు తిరిగే రంగం అది. ఆ అమ్మాయి చెయ్యెత్తి తలుపు చూపించి "నేను పోతాను" అనాలి. ఆరుసార్లు చేశారు. డైరెక్టర్‌కి నచ్చలేదు, చేతిలో బలం లేదంటున్నాడు. ఆ అమ్మాయి మళ్లీ మళ్లీ చేస్తోంది. అప్పుడు టైలరు నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "బలం లేక కాదు మాస్టారూ. జాకెట్టు చంక దగ్గర పట్టేస్తోంది. చెయ్యి ఆ పైకి లేవదు. రేపు పొద్దున్న పంపించమనండి, సాయంత్రానికి విప్పి కుట్టిస్తాను."